పసికన్నులలో నీటికాసులు



పసిబిడ్డ కన్నులు విశాలముగా నున్నచో మనము మురిసిపోదుము. చారెడేసి కన్నులని చెప్పుకొందుము. దిష్టి తగులునని బుగ్గన చుక్క పెట్టుదుము. ఆడుబిడ్డయైనచో విశాలాక్షి యనియో, మీనాక్షి యనియో పేరు పెట్టుదుము. ఈ మురిపెము తప్పు కాదు. పెద్దకన్నులన్నియు రోగపుకన్నులు కావు. కాని నెలల బిడ్డ నల్లగుడ్డు నానాటికి పెరుగుచున్నను, వెలుతురు సోకగనే బిడ్డ ముఖము తిప్పుకొని కన్నులు గట్టిగా మూసికొనుచున్నను, ఊరక నీరు కారుచున్నను, అది అందమునకు గుర్తు కాదు. కంటిలోపల ఒత్తిడి పెరుగుచున్నదని శంకింపవలెను. దీనిని వైద్యులు పుట్టుకతో వచ్చు గ్లాకోమా యందురు. గ్లాకోమాకు తెలుగున నీటికాసులు అను పేరును ఉన్నది.

ఈ రోగము బారినపడిన బిడ్డల తలిదండ్రులు వైద్యుని అడుగు మొదటి ప్రశ్న తరచుగా ఒక్కటే: "కంటినరము దెబ్బతినకుండ కాపాడు మందేదైనను ఉన్నదా?" వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థులకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగము ఉద్దేశము. సమాధానము సరిగా తెలియక ఆ మందుకొఱకు వెదకుచు కాలము గడపిన యెడల, ఆ మధ్యకాలముననే చూపు పోవును. కావున ఈ విషయము ప్రతి ఇంటివారును ఎరుగదగినది.

ముందుగా రోగము తీరు తెలిసికొందము. కంటి ముందుభాగమున తేటనీరు వంటి ద్రవము ఒకటి ఎల్లప్పుడు ఊరుచుండును. ఊరినంత నీరును నల్లగుడ్డు అంచుననున్న సన్నని మార్గముగుండ బయటికి పోవుచుండును. మన సీమలోని చెరువును తలచుకొనుడు. వచ్చిన నీరు వచ్చినట్లు మరవగుండ పారినంతకాలము కట్టకు భయము లేదు. మరవ పూడిపోయినచో నీరు కట్టనే ఒత్తును. కొందఱు శిశువులకు గర్భములో నున్నపుడే ఈ మార్గము సరిగా ఏర్పడదు. పెద్దవారి కంటిగోడ గట్టిది గనుక ఒత్తిడి పెరిగినను గుడ్డు సాగదు. సుమారు మూడేండ్లలోపు బిడ్డల కంటిగోడ మెత్తనిది గనుక సాగును. అందుచేతనే కన్ను పెద్దదిగా కనబడును. గ్రీకుభాషనుండి వచ్చిన దీని పేరునకు ఎద్దుకన్ను అని అర్థము.

అప్పుడే పుట్టిన బిడ్డ నల్లగుడ్డుపై అద్దమువలె నుండు పొరను కార్నియా యందురు. దాని వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు. పుట్టినపుడే అది 11 మిల్లీమీటర్లకు మించినను, ఏడాదిలోపున 12 దాటినను వైద్యులు గ్లాకోమాను శంకింతురు. పొర సాగి లోపల చిట్లినపుడు నీరుపట్టి మసకబారును. నల్లగుడ్డుపై నీలిపొగ క్రమ్మినట్లుండుట ఇందువలననే.

బయటికి కనబడు ఈ మార్పులకంటె భయంకరమైనది కంటి వెనుక జరుగును. చూపును మెదడునకు చేరవేయు దృష్టినాడిలో పదిలక్షలకు పైబడిన సన్నని పోగులు ఉండును. అవి కంటిగుడ్డు వెనుకనున్న జల్లెడవంటి పొర రంధ్రములగుండ బయటికి పోవును. లోని ఒత్తిడి ఆ జల్లెడను వెనుకకు నెట్టగా పోగులు నలిగిపోవును. మెదడునుండి వానికి అందవలసిన పోషకద్రవ్యముల రాక ఆగిపోవును; రక్తప్రసారము తగ్గును; తుదకు ఆ పోగులకు మూలమైన కణములు మరణించును. మనుష్యునియందు ఒకసారి చచ్చిన పోగు మరల మొలకెత్తదు. నేటివరకు ఏ వైద్యమును దానిని మొలపింపలేదు.

ఈ రోగము మన తెలుగుదేశమున కొంత ఎక్కువగా ఉన్నది. పాశ్చాత్యదేశములలో పుట్టిన సుమారు 10,000 మంది బిడ్డలలో ఒకరికి ఇది వచ్చునని అంచనా. గత శతాబ్దము చివర హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు నాటి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పరిశీలనలనుబట్టి ఇచట సుమారు 3,300 మందిలో ఒకరికి ఇది వచ్చుచున్నట్లు తేలినది. బాల్యమున చూపు కోల్పోయినవారిలో నూటికి నలుగురు ఈ రోగము పాలైనవారే.

దీనికి ముఖ్యకారణమైన జన్యువులలో ఒకటి 1997లో బయటపడినది. అది రెండవ క్రోమోజోముపై నున్న సి.వై.పి.1.బి.1 అను జన్యువు. తల్లియందొకటి, తండ్రియందొకటి లోపమున్న ప్రతి ఉన్నను వారికి రోగము రాదు. వారి చూపు చక్కగా నుండును. ఆ రెండును ఒకే బిడ్డకు సంక్రమించినపుడు మాత్రమే రోగము పుట్టును. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ఈ ప్రమాదము ఉండును. మొదటి బిడ్డకు వచ్చినది గనుక రెండవ బిడ్డకు రాదను లెక్క లేదు. మేనమామ-మేనకోడలి సంబంధములును, మేనరికములును మన సీమలో అనాదిగా జరుగుచున్నవి. ఒకే మూలపురుషునినుండి వచ్చిన లోపము అట్టి దంపతులిరువురియందును ఉండు అవకాశము హెచ్చు. ఇందుకు ఏ తల్లినిగాని, ఏ తండ్రినిగాని నిందింపరాదు. మేనరికము లేని ఇండ్లలోను ఈ బిడ్డలు పుట్టుచున్నారు. గ్రహణము పట్టినందుననో, తల్లి ఏదో తినరానిది తిన్నందుననో ఇది వచ్చినదనుట కేవలము అపోహ.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒత్తిడిని తగ్గించుటతో నిలువక, నాడిలోని కణములనే బలపరచి చావకుండ కాపాడు వైద్యమును నాడీరక్షణ యని పిలువవచ్చును. ప్రపంచములోని శాస్త్రజ్ఞులు దీనికై దశాబ్దములుగా శ్రమించుచున్నారు. వారి శ్రమవలన తేలినదేమి?

మతిమరుపు రోగమునకు వాడు మెమాంటిన్ అను మందు ఎలుకలయందును, కోతులయందును కంటినాడిని కాపాడినట్లు కనబడెను. దానిని గ్లాకోమా ఉన్న పెద్దవారియందు రెండు మహాపరీక్షలలో పరీక్షించిరి. 2,000 మందికి పైగా రోగులను నాలుగేండ్లు పరిశీలించిరి. 2018లో ఫలితములు ప్రకటింపబడెను. మందు పుచ్చుకొన్నవారికిని, ఉత్త మాత్ర పుచ్చుకొన్నవారికిని భేదము కనబడలేదు. బి3 విటమిను ఎలుకలలో నాడిని కాపాడినదని 2017లో తెలిసినది. పెద్దవారియందు 2020లో వెలువడిన చిన్న పరీక్షలో కొంత మేలు కనబడినది గాని, అది కొద్దినెలల మాట. అందు వాడిన మోతాదు ఆహారములో లభించుదానికి ఎన్నో రెట్లు హెచ్చు. అంత మోతాదు కాలేయమునకు హాని చేయవచ్చును. పశువుల నేత్రపటలమునుండి తీసిన పెప్టైడుల మందును కంటిప్రక్కన సూదిగా వేయు పద్ధతి రష్యాలో కలదు. అదియును పసిబిడ్డల గ్లాకోమాయందు పెద్ద పరీక్షలకు నిలిచి నిగ్గు తేలినది కాదు.

బ్రిమొనిడిన్ అను చుక్కలమందు సంగతి మరింత జాగ్రత్తగా వినదగినది. ఒత్తిడిని తగ్గించుటయే కాక నాడిని కూడ కాపాడునేమో యని పెద్దవారియందు దానిపై ఆశలు పెట్టుకొనిరి. 2011లో వెలువడిన ఒక పరీక్షలో టిమొలాల్ వాడినవారికంటె ఈ మందు వాడినవారికి చూపు నిలిచినట్లు కనబడెను. అయితే కంటిమంట, ఎలర్జీల వలన అనేకులు మధ్యలోనే మానివేయుటచే ఆ ఫలితముపై వాదములున్నవి. పసిబిడ్డల మాటకు వచ్చినచో వాదమే లేదు. ఆ మందు శిశువు మెదడులోనికి సులభముగా ప్రవేశించి విపరీతమైన మగతను కలిగించును. ఊపిరిని సైతము ఆపవచ్చును. కావుననే రెండేండ్లలోపు బిడ్డలకు దానిని వాడరాదని నిషేధమున్నది. తాతగారి కన్నులకు వేయు చుక్కలు మనుమని కన్నులకు వేయుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

పెద్దవారి ఫలితములను పసివారికి అన్వయింపరాదనుటకు మరొక కారణము కలదు. పెద్దవారిని యంత్రము ముందు కూర్చుండబెట్టి, ఎచట వెలుగు కనబడుచున్నది, ఎచట కనబడుటలేదు అని అడిగి, నాడి ఎంత చెడినదో కొలుతురు. మాటలు రాని శిశువు ఎట్లు చెప్పగలడు? బిడ్డకు మత్తు ఇచ్చి కంటి ఒత్తిడిని, కార్నియా వెడల్పును, గుడ్డు పొడవును, నాడి ముఖముననున్న గుంటను చూచి ఊహింపవలసినదే. మందు పనిచేసినదో లేదో తేల్చుట అంత కష్టము.

ఇంత విచారణ దేనికి, మంచిదని తోచిన మందును వాడి చూడరాదా యని కొందఱడుగవచ్చును. దీనికి సమాధానము మన మదనపల్లె చరిత్రయందే ఉన్నది. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల ఆస్పత్రి వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలరు గారి నాయకత్వమున 1950లో ఈ ప్రాంతపు గ్రామములలో బి.సి.జి. టీకాను పరీక్షించిరి. కొందఱకు టీకా వేసి, కొందఱకు వేయక, ఏండ్ల తరబడి ఇరువర్గములను గమనించిరి. బ్రిటనులోని పరీక్షలో ఆ టీకా చూపిన రక్షణ ఇచట అంతగా కనబడలేదు. ఆశను కొలిచి చూడవలెననియు, ఒకచోట పనిచేసినది మరొకచోట అట్లే పనిచేయునని తలపరాదనియు ప్రపంచమునకు తెలియజెప్పిన పరీక్షలలో మన గ్రామములవారు పాల్గొన్నదియు ఒకటి. ఆ గ్రామములవారి మనుమలము, మునిమనుమలము మనము. కంటినరమునకు బలమని చెప్పి ఎవరైనను సీసానో, సూదినో అమ్మవచ్చినపుడు, "ఇది పసిబిడ్డలయందు పరీక్షింపబడినదా?" యని అడుగు హక్కు మనకున్నది.

అయితే నాడిని కాపాడు మార్గమే లేదా? ఉన్నది. ఒత్తిడిని త్వరగా తగ్గించుటయే నేడు మనకున్న నాడీరక్షణ. పసిబిడ్డలయందు దానిని సాధించు ముఖ్యసాధనము శస్త్రచికిత్స. చుక్కలమందులు శస్త్రచికిత్స జరుగువరకును, జరిగిన తరువాతను తోడ్పడునవే గాని, దానికి బదులు నిలువజాలవు.

పందొమ్మిదివందల ముప్పదులు, నలుబదులలో అమెరికాలో అట్టో బార్కన్ అను వైద్యుడు పూడిన నీటిమార్గమును కంటిలోపలినుండి సన్నని కత్తితో తెరచు విధానమును వృద్ధిచేసెను. అంతకుముందు ఈ బిడ్డలలో ఎక్కువమంది అంధులగుచుండిరి. ఆ విధానమునకు కార్నియా తేటగా నుండవలెను. లేనిచో వైద్యునికి లోపల ఏమియు కనబడదు. 1960లో లండనులో స్మిత్, అమెరికాలో బురియన్ బయటివైపునుండి ఆ మార్గమును తెరచు పద్ధతిని వేరువేరుగా ప్రకటించిరి. మన ప్రాంతములందు కార్నియా మసకబారిన పిమ్మటనే వైద్యుని చేరు బిడ్డలు ఎక్కువ. వారికి ఈ రెండవ పద్ధతితోపాటు నీరు పోవుటకు క్రొత్త దారిని కూడ ఒకేసారి ఏర్పరచు శస్త్రచికిత్స ఉపకరించినది. హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ సంస్థలో డాక్టరు అనిల్ కుమార్ మండల్ గారు దీనిని నెలనిండని శిశువులకు సైతము చేసి, ఫలితములను ప్రపంచమునకు తెలియజేసిరి. వారి కృషికి 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము లభించినది.

పసికన్ను మెత్తనిది గనుక సాగి చెడునని చెప్పుకొంటిమి. ఆ మెత్తదనమే ఒక విధముగ మేలును చేయును. శైశవమున ఒత్తిడి తగ్గినచో, వెనుకకు నెట్టబడిన జల్లెడ కొంత ముందుకు వచ్చి, నాడి ముఖముననున్న గుంట చిన్నదగును. పెద్దవారియందు ఇట్లు జరుగుట అరుదు. చచ్చిన పోగులు దీనివలన బ్రతుకవు. నలుగుచు ఇంకను ప్రాణముతోనున్న పోగులు మాత్రము ఊపిరి పీల్చుకొనును. అందుచేత రోజులు, వారములు లెక్కింపవలసిన రోగము ఇది.

శస్త్రచికిత్సతో పని ముగియదు. కన్ను సాగినందున హ్రస్వదృష్టి కలుగును; కంటిపొర వంకరపడును. పసిబిడ్డ మెదడు తొలి సంవత్సరములలోనే చూచుట నేర్చుకొనును. కంటినుండి స్పష్టమైన రూపము అందనిచో మెదడు ఆ కంటిని విడిచిపెట్టును. పిల్లిపిల్లలపై ప్రయోగములు చేసి దీనిని నిరూపించిన హ్యూబెల్, వీజెల్ పండితులకు 1981లో నోబెల్ బహుమానము లభించినది. కావున ఏడాది నిండని బిడ్డకైనను వైద్యుడు వ్రాసిన కండ్లజోడు పెట్టవలెను. మంచికంటికి గంటలతరబడి కట్టుకట్టి బలహీనమైన కంటికి పని కల్పింపుడని వైద్యుడు చెప్పినచో, బిడ్డ ఎంత ఏడ్చినను ఆ నియమము తప్పరాదు. నాడిని కాపాడు పని ఆస్పత్రిలో మొదలై, ఇంటిలో తల్లి ఒడిలో సాగును. ఒత్తిడి ఏండ్ల తరువాతను మరల పెరుగవచ్చును గనుక జీవితాంతము పరీక్షలు అవసరము.

ఇక ఇంటివారు గుర్తింపవలసిన విషయములు. చాలమంది శిశువులకు కన్నీటిగొట్టము మూసికొనిపోయి నీరు కారును. దానిలో పుసి కట్టును గాని, బిడ్డ వెలుతురునకు బెదరడు. నల్లగుడ్డు తేటగా నుండును. నీరు కారుటతోపాటు వెలుతురునకు భయపడుట, రెప్పలు బిగించుట, నల్లగుడ్డు పెద్దదై మసకబారుట కలిసినచో ఒక్కరోజైనను ఆగరాదు. రోగము నూటికి డెబ్బదియైదుగురికి రెండు కన్నులకును వచ్చును. రెండు కన్నులును సమానముగా పెరిగినపుడు తేడా తెలియక పెద్దలు మోసపోవుదురు. ఒక బిడ్డకు రోగమున్న ఇంటిలో పుట్టు ప్రతి బిడ్డను పుట్టిన వారములోనే కంటివైద్యునికి చూపవలెను.

ఆకుపసరులు, ఆముదము, చనుబాలు కంటిలో పోయరాదు. ఎఱ్ఱగా నున్నదని మందులదుకాణమున స్టెరాయిడ్ చుక్కలు కొని తమంతట తాము వాడరాదు. అవి ఒత్తిడిని మరింత పెంచవచ్చును. టమాటా కోతలు ముగిసిన పిదప పోవుదమని, శుభకార్యము గడచిన పిదప చూపుదమని వాయిదా వేయరాదు. పాఠశాలలో కంటిపరీక్షలు జరుగును గదా యని తలంపవద్దు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటివెలుగు పథకము బడిపిల్లల పరీక్షలతో మొదలైనది. అది దృష్టిదోషములకు, కంటిజోళ్లకు మేలైన పని. కాని బడిలో చేరునాటికి ఈ రోగము తన పని ముగించియుండును.

గ్రామములోని ఆశా కార్యకర్తకుగాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికిగాని ముందుగా చూపవచ్చును. అచటినుండి పెద్ద ఆస్పత్రికి పోవలెను. వాల్మీకిపురము మదనపల్లె-తిరుపతి బాటపై నున్నది. బెంగుళూరు, వేలూరు, చెన్నపట్టణములును ఒకనాటి ప్రయాణములోనివే. ఎచటికి పోయినను రెండు విషయములు అడుగుడు: పసిబిడ్డల గ్లాకోమాకు శస్త్రచికిత్స చేయు వైద్యులున్నారా? నెలల బిడ్డకు మత్తు ఇచ్చు వసతి ఉన్నదా? వ్యయమునకు వెరచి ఇంట కూర్చుండరాదు. ప్రభుత్వ ఆరోగ్యపథకముల సహాయము దొరకునేమో ఆస్పత్రిలోనే విచారింపుడు.

ఎంత చేసినను కొందఱు బిడ్డలకు చూపు తక్కువగనే మిగులును. వారిని మూలన కూర్చుండబెట్టరాదు. మిగిలిన చూపును పెద్దది చేసి చూపు అద్దములున్నవి, బ్రెయిలీ లిపి ఉన్నది, చదువున్నది.

నాడిని కాపాడు మందు ఒకనాడు రాకపోదు. ప్రపంచమున ఎందఱో దానికై కృషి చేయుచున్నారు. ఆ మందు వచ్చినపుడు అది కాపాడుటకు బిడ్డ కంటిలో ప్రాణముతోనున్న నాడి మిగిలియుండవలెను గదా. దానిని మిగుల్చుట నేడు మన చేతిలోని పని. మీ ఇంటిలోగాని, పొరుగింటిలోగాని వెలుతురునకు ముఖము దాచుకొను పసిబిడ్డ యున్నచో, రేపు ఉదయపు బస్సుకే బయలుదేరుడు.